బొమ్మ ఒక దగ్గర, మాట ఒక దగ్గర

మొన్న ముసురు పట్టినప్పుడు జగిత్యాలలో మా బిడ్డ ఇంట్లో టీవీకి మాట తెగిపోవడం మొదలైంది. బొమ్మ మాత్రం నిగనిగలాడుతూనే ఉంది, వార్తలు చదివే అమ్మాయి నోరు కదులుతూనే ఉంది, మాటే రెండు ముక్కలు వినపడి, ఒక ముక్క ఎవరో మింగినట్టు పోయి, మళ్లీ ఎక్కడో నడుమ నుంచి అందుకుంటోంది. వాళ్లది నెలనెలా పైసలు కట్టే కనెక్షన్ కాదు. స్లాబు మీద డిష్ పెట్టుకుని ఊరికే వచ్చే చానళ్లు చూసే డబ్బా. మా అల్లుడు ఓపిక గల మనిషి. ముందుగా వెనకనున్న వైరు ఊడదీసి, పిన్ను తుడిచి బిగించాడు. వేరే చానల్ పెట్టి అక్కడా ఇట్లాగే ఉందా అని చూశాడు. డబ్బా ఆపి, కాసేపాగి మళ్లీ వేశాడు. ఒక్కో చానల్‌కు రెండు భాషల మాట వస్తుందట, ఒకటి రాకపోతే రెండోది పెట్టుకోవచ్చట, అదీ మార్చి చూశాడు. చివరికి స్లాబు ఎక్కితే తెలిసింది, వైరు అతుకు దగ్గర వాన నీళ్లు దిగాయని. తుడిచి, టేపు చుట్టి వచ్చాక మాట నిలబడింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను మంచం మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. స్లాబు దిగి వచ్చిన అల్లుడు, "అత్తమ్మా, ఇప్పుడు ఇనవడ్తుందా నీకు?" అని అడిగినప్పుడు మాత్రం టీవీని వదిలి అతని ముఖంలోకి చూశాను. అదే మాట నేను ఒకప్పుడు ఒక మనిషిని అడిగి ఉన్నాను. ఆ అడగడంతో మా సంసారం ఏ దారిన పోవాల్సిందో ఆ దారిన పోకుండా ఇంకో దారిన పోయింది. మా ఈడువాళ్లు ఎవరైనా చదివితే అర్థం చేసుకుంటారని ఇన్నేళ్ల తరువాత చెప్పుకుంటున్నాను.

నేను కోరుట్లలో పుట్టినదాన్ని. తల్లిగారింట్లో అందరం బీడీలు చుట్టినవాళ్లమే, నేను బడిలో కూర్చున్నది కొంచెం, చాట ముందు కూర్చున్నది ఎక్కువ. నన్ను ఇచ్చింది రాయికల్ దిక్కు తాళ్లెక్కి కల్లు గీసే ఇంటికి. మా పెళ్లికి ముందే మా మామ చెట్టు మీంచి పడి నడుము పోగొట్టుకున్నాడు. అది కళ్లారా చూసిన మా ఆయన ఇక చెట్టెక్కే మోకు ముట్టనని చెప్పి, తెలిసినవాళ్లను పట్టుకుని సిరిసిల్ల వెళ్లి సాంచాల పనిలో చేరాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. అవి వరసగా ఉన్న రేకుల షెడ్డును అక్కడ కార్ఖానా అంటారు, దాని యజమానిని ఆసామి అంటారు. మేం అద్దెకున్న గదికీ కార్ఖానాకూ నడుమ ఒకటే గోడ. పొద్దంతా రాత్రంతా ఆ చప్పుడే. గోడ పక్కన బోర్లించిన గిన్నెలు సన్నగా వణుకుతూ ఉండేవి, గ్లాసులో నీళ్లు పెడితే నీళ్లు కూడా నిలకడగా ఉండేవి కావు. కొత్త కాపురానికి వెళ్లిన మొదట్లో నాకు తల పగిలిపోతుందేమో అనిపించేది, తరువాత తరువాత ఆ చప్పుడు ఉన్నట్టు కూడా తెలియకుండా పోయింది.

కార్ఖానాలో పనిచేసేవాళ్లు ఎవరూ గొంతెత్తి మాట్లాడరు, మాట్లాడినా పక్కవాడికి చేరదు. పెదవులు పెద్దగా విప్పి, చేతి సైగ కలిపి మాట్లాడుకుంటారు. పోగు తెగితే ఒక సైగ, చాయ్ తాగి వద్దామంటే ఒక సైగ, ఆసామి వస్తున్నాడంటే ఒకటి. ఆసామిని ఆసామి ఎదుటే ఎగతాళి చేసుకునేవాళ్లు. ఆయనా ఒకనాడు సాంచా నడిపి వచ్చినవాడే కాబట్టి అన్నీ అర్థమై, ఆయనా పెదవులతోనే తిట్టిపోసేవాడు. ఆ అలవాటు ఇళ్లలోకి కూడా వచ్చింది. మా ఆయన ఇంటికి వచ్చాక గొంతు విప్పకుండానే అన్నం పెట్టమనేవాడు, నేనూ ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి పెదవులతోనే కూర ఏమిటో చెప్పేదాన్ని. మా ఇంటికి వచ్చిన మా అమ్మ ఒకసారి అది చూసి, ఇద్దరూ అలిగి మాట్లాడుకోవడం లేదేమో అనుకుని రెండు రోజులు నాకు బుద్ధులు చెప్పింది.

ఆసామి ఇంట్లో కలర్ టీవీ వచ్చినప్పుడు వాళ్ల పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ మాకు వచ్చింది. స్లాబు మీద ఇనుప పైపుకు యాంటెన్నా కట్టుకున్నాం. పొద్దుగూకితే మా వాడకట్టు ఆడవాళ్లంతా చాటలతో సహా మా గదిలోకి వచ్చి కూర్చునేవాళ్లు. సాంచాల చప్పుడులో టీవీ మాట ఎవరికీ వినపడదు, అయినా ఎవరికీ దిగులు లేదు. తెర మీద ఒకామె ఏడుస్తుంటే ఒకరు, తల్లిగారింటికి పోతనంటుంది అని చెప్పేవాళ్లు. "ఏ తల్లిగారిల్లు వదినె, అది డాక్టరమ్మ, సూది ఇయ్యనన్నందుకు ముసలాయన ఏడుస్తుండు" అని ఇంకొకరు కొట్టిపారేసేవాళ్లు. ఎవరి కథ వాళ్లకు నచ్చేది. ఆ టీవీలో మాట ఎప్పుడు వస్తోందో, ఎప్పుడు పోతోందో ఆ రోజుల్లో ఎవరు పట్టించుకున్నారు కనుక.

తరువాత సాంచాలు ఆగిపోయాయి. నూలు ధర పెరిగిందని, గుడ్డ అడిగే దిక్కు లేదని ఆసాములు అనుకునేవాళ్లు. ముందు రాత్రి పని ఆగింది, తరువాత వారంలో సగం రోజులు ఆగింది, ఒక పొద్దున పూర్తిగా ఆగింది. ఆ పొద్దున మా వాడకట్టు వాళ్లంతా గడపల్లోకి వచ్చి నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంతటి నిశ్శబ్దం మేం ఎన్నడూ ఎరగం. అప్పటికి మా బిడ్డ ఇంకా చిన్నది, సాంచాల చప్పుడు లేకపోతే దానికి నిద్ర పట్టేది కాదు, వట్టిగా ఏడ్చేది. ఎవరింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరింట్లో గిన్నె అడుగంటిందో అన్నీ అందరికీ వినపడసాగాయి. కొన్నాళ్లకు గదులు ఖాళీ అవడం మొదలైంది. కొందరు సాంచాల పనికే భీవండి పోయారు, కొందరు సూరత్ పోయారు, పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దుబాయ్, మస్కట్ దారి పట్టారు. కోనరావుపేట, ముస్తాబాద్ దిక్కు ఊళ్లలో బోర్లు ఎండినవాళ్లు కూడా అదే దారిలో ఉన్నారు. బస్టాండులో ఏ పొద్దు చూసినా సంచులు ముందు పెట్టుకున్న మగవాళ్లే.

పని లేక మా ఆయన పొద్దంతా ఇంట్లోనే ఉండేవాడు. నేను బీడీలు చుడుతుంటే ఆయన టీవీ ముందు కూర్చునేవాడు. అప్పుడు కదా మాకు తెలిసింది, ఆ టీవీకి మాట సరిగా లేదని. బొమ్మ తేటగా ఉన్నప్పుడు మాట గరగరమని పోయేది, మాట తేటగా వినపడేట్టు టీవీ ముందరి బిరడా తిప్పితే బొమ్మ నిండా చుక్కలు పడేవి. మెకానిక్‌ను పిలిపిస్తే, అతను వెనక మూత విప్పి దుమ్ము ఊది, వైరు అతుకులు చూసి, బిరడాను అటు రవ్వంత ఇటు రవ్వంత తిప్పి, "దీంట్ల బొమ్మ ఒక దగ్గర ఉన్నది, మాట ఒక దగ్గర ఉన్నదక్కా. రెండిట్ల ఏది గావాల్నో నువ్వే జెప్పు" అని నవ్వాడు.

నాకు మాట కావాలి. కళ్లు ఆకు మీద, చేతులు దారం మీద ఉంటాయి, చెవులే ఖాళీ. మా ఆయనకు బొమ్మ కావాలి. నేను మాట దగ్గర నిలిపిన బిరడాను ఆయన లేచి బొమ్మ దగ్గరికి తిప్పేవాడు, ఆయన బయటికి పోగానే నేను మళ్లీ మాట దగ్గరికి తెచ్చుకునేదాన్ని. ఒకరోజు విసిగిపోయి, బొమ్మ ఎట్లుంటే ఏమిటి, వాళ్లు చెప్పేది వినపడాలి కదా అన్నాను. దానికి ఆయన చాలా మామూలుగా, "బొమ్మ సక్కగ లేకుంటే మాట ఏడ ఇనవడ్తదే" అన్నాడు. నేను నవ్వాను. పక్కింటి వదినెకు చెప్తే ఆమె కూడా నవ్వింది, వాడకట్టులో కొన్నాళ్లు అది ఒక వేళాకోళం మాటగా తిరిగింది. ఆ మాటలో ఏముందో మాకెవరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలం దుబాయ్‌లో ఉండే మా తమ్ముడు సెలవు మీద కోరుట్ల వచ్చాడు. బిల్డింగులు కట్టే కంపెనీలో పని వాడిది. వాళ్ల కంపెనీకి మనుషులు కావాలన్నారని, బావను తీసుకుపోతానని చెప్పాడు. మునిగిపోయేవాడికి ఒడ్డు కనిపించినట్టయింది మా ఆయనకు. వెంటనే పాస్‌పోర్టు ఇచ్చాడు, మెడికల్ కోసం పట్నం వెళ్లి వచ్చాడు. రక్తం తీశారు, ఛాతీకి ఫొటో తీశారు, ఫిట్ అన్నారు. ఆయన సంబరం చూసి నాకూ ధైర్యం వచ్చింది. మా తమ్ముడు సిరిసిల్లకు ఒకసారి వచ్చినప్పుడు అక్కడి పని ఎట్లుంటుందని అడిగాను. "కష్టమే అక్కా, కాని పానం మీద పడేదేం లేదు. పైన క్రేన్ మీద ఇనుము పోతుంటది, సీటీ గొడ్తరు. సీటీ ఇనవడంగనే కిందున్నోడు జరగాలె, గంతే" అన్నాడు. ఈల వినపడితే పక్కకు జరగడమే కదా అని నేను సరే అనుకున్నాను.

అంతలో మా వాడకట్టులో ఒక చెడ్డ పొద్దు తెల్లవారింది. మాకు నాలుగిళ్ల అవతల ఉండే సాంచా పనివాడు, మా ఆయనకు జోడీగా ఒకే వరసలో పనిచేసినవాడు, ఆ పొద్దున లేవలేదు. తన చావు తానే తెచ్చుకున్నాడు. అంతకు మించి ఆ సంగతి చెప్పడం నాకు ఇష్టం లేదు. అతని భార్య వేసిన కేక మా వాడకట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినపడింది, మునుపైతే ఆ ఏడుపు కూడా సాంచాల చప్పుడులో కలిసిపోయేదేమో. అందరం చేతిలో ఉన్నది అక్కడే పడేసి ఉరికాం. మా ఆయన మాత్రం గోడకు భుజం ఆనించి కూర్చుని, వీధికి వీపు పెట్టి, చాయ్ తాగుతూ ఉండిపోయాడు. ఎవరో వచ్చి భుజం పట్టి కుదిపితే అప్పుడు లేచి వచ్చాడు. వచ్చాక ఆ ఇంటి ముందు కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ కేక విని కూడా ఎట్లా కూర్చున్నాడు ఈ మనిషి అని నాకు చాలా రోజులు మనసులో ముల్లులా ఉండిపోయింది.

తరువాత గాలివానకు యాంటెన్నా తిరిగిపోయింది. మా తరం వాళ్లకు నేను చెప్పేదేముంది, ఒకరు పైన తిప్పాలి, ఒకరు కింద టీవీ చూసి కేక వేయాలి. సాంచాలు నడిచిన రోజుల్లో మేం కేకలు వేసుకునేవాళ్లం కాదు. నేను వాకిట్లోకి వచ్చి చెయ్యి పైకెత్తితే వచ్చిందని, దించితే పోయిందని లెక్క. ఇప్పుడు చప్పుడే లేదు కదా, ఇంక చేతులెందుకు అనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని గడప లోపలే కూర్చుని, టీవీ చూస్తూ కేక వేశాను. వచ్చింది, ఇగ ఆపు అన్నాను. ఆయన ఆపలేదు, బొమ్మ పోయింది. పోయిందని అరిచాను. మళ్లీ వచ్చింది. వచ్చిందని ఇంకా గట్టిగా అరిచాను. మళ్లీ దాటిపోయింది. ఎదురు స్లాబు మీద బట్టలు ఆరేస్తున్న వదినె కూడా అందుకుంది. "ఓ అన్నా, నీ పెండ్లాం మొత్తుకుంటుంది, ఇనవడ్తలేదా? పైపును గట్ల గిర్రగిర్ర తిప్పుతనే ఉన్నవు." ఆమె ఆయన వెనకాలే, ఒక వీధి వెడల్పు దూరంలో ఉంది. ఆయన తిరిగి చూడలేదు. పైపు పట్టుకుని, తల వంచుకుని, మెల్లగా, ఎంతో శ్రద్ధగా తిప్పుతూనే ఉన్నాడు.

నేను చాట దించి వాకిట్లోకి వచ్చాను. ఆయన కళ్లు నా మీద పడ్డాయి. చెయ్యి పైకెత్తాను. వెంటనే పైపు ఆపి, వచ్చిందా అన్నట్టు నవ్వాడు.

ఆ తరువాత నేను ఎవరితోనూ ఏమీ అనకుండా ఆయన టీవీ చూడడాన్ని చూశాను. వార్తలు చదివే మనిషి తెర మీద ఉన్నంతసేపూ ఆయనకు మాట ఉంది. ఆ ముఖం పోయి, ఏ వరదలో, ఏ సభలో చూపిస్తూ వెనక నుంచి మాట వస్తున్నప్పుడు, "పోయింది మల్ల" అనేవాడు. నా చెవులకు అది గంటలా వినపడుతూనే ఉండేది. ఇంకొన్నిసార్లు మాట నిజంగానే పోయేది, అప్పుడు నాకూ వినపడేది కాదు, ఆయన మాత్రం ఏమీ అననే అనడు, ముఖం కనపడితే చాలు. రెండు ఖరాబులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి, అందుకే ఇన్నాళ్లూ పట్టుకోలేకపోయాం. టీవీది కొంత, ఆయనది కొంత. నేను ఆయన వెనక కూర్చుని, మామూలు గొంతుతో, ఇప్పుడు ఇనవడ్తుందా నీకు అని అడిగాను. ఆయన టీవీ చూస్తూనే ఉన్నాడు. ఇంకోసారి అడిగాను. బీడీ కట్ట నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. సీటీ వినపడగానే జరగాలని మా తమ్ముడు చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది.

ఎదురుగా వచ్చి, ముఖం చూపించి చెప్పాను. టీవీలో మాట మంచిగానే వస్తోంది, నీకే అందడం లేదు, దుబాయ్ పని నీకు వద్దు అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. "టీవీ ఖరాబైతే నన్ను ఖరాబంటవేందే. డాక్టర్ ఫిట్టన్నడు. నువ్వు డాక్టర్‌కంటె ఎక్కువ సదివినవా?" అని లేచి బయటికి పోయాడు. తరువాత ఆ మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవాడు. ముఖం తిప్పుకుంటే ఇంక నా మాట ఆయనకు చేరదు. మా తమ్ముడికి చెబుదామంటే, అల్లుడంటే తల్లిగారింట్లో ఉండే మర్యాద అందరికీ తెలిసిందే, మొగుణ్ని చెవిటివాడని పుట్టింట్లో నా నోటితో ఎట్లా చెప్పను. చెప్పకపోతే మనిషిని నా చేతులారా చావుకు పంపించినదాన్ని అవుతాను. రోజులు దగ్గర పడ్డాయి.

ప్రయాణానికి ముందు ఒకసారి కనపడి వెళ్లాలని కోరుట్ల వెళ్లాం. నాలుగు బట్టలు, ఒక కొత్త సంచి కూడా ఆయన అప్పటికే కొనుక్కున్నాడు. ఎట్లాగైనా ఆ రోజు తమ్ముణ్ని పక్కకు పిలిచి చెప్పేయాలని బస్సులో కూర్చున్నంతసేపూ మనసులో గట్టి చేసుకున్నాను. మా తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చిన కలర్ టీవీ తల్లిగారింటి ముందరి గదిలో ఉంది, వీధిలో పోయేవాళ్లు కూడా వినాలన్నట్టు సౌండు పెంచి పెట్టేవాడు. అమ్మ కోడిని కోయించింది. అన్నాలు తిని అందరం అక్కడే కూర్చున్నాం. టీవీలో ఒకాయన వరి నాట్ల గురించి చెప్తున్నాడు. కాసేపటికి ఆయన ముఖం తీసేసి పొలాలు చూపించడం మొదలుపెట్టారు, మాట మాత్రం గది దద్దరిల్లేట్టు వస్తూనే ఉంది.

మా ఆయన నవ్వుతూ మా తమ్ముడి వైపు తిరిగి, "ఏం బామ్మర్ది, గింత మంచి టీవీ దెచ్చినవ్, దీనికి గూడ మాట పోతదా? నువ్వు కూసో, నేను జూస్త" అని లేచాడు. లేచి చెప్పులేసుకుని స్లాబు మెట్లెక్కాడు, యాంటెన్నా తిప్పడానికి.

టీవీ మాట్లాడుతూనే ఉంది. మా అమ్మ మెల్లగా నా ముఖంలోకి చూసింది. మా తమ్ముడు వాకిట్లోకి వెళ్లి, "బావా, మాట మంచిగనే అస్తుంది, దిగు" అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. తరువాత నా వైపు తిరిగాడు. నేను తల వంచుకున్నాను. చెప్పాలని దారి పొడుగునా కూడబలుక్కున్నది ఒక్క ముక్క కూడా చెప్పే పని లేకుండా పోయింది.

వాడు మెట్లెక్కి పోయాడు. వాకిట్లో నిలబడితే స్లాబు చివర కూర్చున్న ఇద్దరూ కనపడుతున్నారు. మా తమ్ముడు మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, వాడేమంటున్నాడో తెలియదు. మా ఆయన ముఖం మా వైపు ఉంది. ఆయన గొంతు విప్పలేదు, కార్ఖానాలో మాట్లాడినట్టే పెదవులతో మాట్లాడాడు, మా తమ్ముడికి సగం అర్థమైందో లేదో కానీ నాకు మాత్రం అంత దూరం నుంచి ప్రతి మాటా తెలిసింది. నన్ను పోనియ్యి, రెండేండ్లు పోనియ్యి, నోరు జూసుకుంట బతుకుత అన్నాడు. మళ్లీ మళ్లీ అదే అన్నాడు. మా తమ్ముడు ఏదో అన్నాడు. ఆయన పెదవులు ఆగిపోయాయి.

ఇద్దరూ దిగి వచ్చారు. మా ఆయన కాళ్లు కడుక్కుని, అమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, ఊళ్లో పని ఉందని చెప్పి బయలుదేరతీశాడు. బస్సులో మేం ఎదురెదురు సీట్లలో కూర్చున్నాం. వేములవాడ దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు, తరువాత నా వైపు తిరిగాడు. స్లాబు మీద వాడేమన్నాడని అడిగాను. "ఆడ ఉన్నోళ్లు హిందీల మాట్లాడ్తరు, మలయాళంల మాట్లాడ్తరు, అరబ్బీల మాట్లాడ్తరు. ఎవని పెదవులు సదువుతవ్ బావా అన్నడు" అని చెప్పాడు. తెలుగు పెదవులు తప్ప ఇంకో భాష పెదవులు తనకు చదవరావన్న సంగతి ఆయనకు అప్పటిదాకా తోచలేదు.

కాసేపటికి, నీకు ఎప్పటిసంది ఎర్క అని అడిగాడు. యాంటెన్నా తిప్పిన రోజు నుంచి అన్నాను. ఆయన తల ఊపి, "నాకు బిడ్డ పుట్టిన్నాటిసంది ఎర్క. దాని ఏడుపు నాకు సగమే ఇనవడేది. సాంచాల చప్పుడనుకున్న. సాంచాలు బందైనంక, ఇగ టీవీదనుకున్న. అంటీనా తిప్పినప్పుడల్ల, గిది టీవీదే అయితే బాగుండు అనుకుంట తిప్పిన" అన్నాడు. పెదవులతోనే అన్నాడు. చుట్టూ అంతమంది ఉన్నా ఆ మాటలు నాకొక్కదానికే తెలిశాయి.

ఆ వీసా మీద ఇంకెవరో వెళ్లారు. కొత్త సంచి మంచం కింద చాలాకాలం ఉండి, తరువాత బీడీల తునికాకు పెట్టుకోవడానికి పనికొచ్చింది. రెండు మూడు ఏళ్లు నా బీడీల మీదే ఇల్లు నడిచింది, ఎట్లా నడిచిందో చెప్పుకుంటే పెద్ద కథ. మెల్లగా కొన్ని సాంచాలు మళ్లీ మొదలయ్యాయి, ఆయన మళ్లీ కార్ఖానాకు వెళ్లాడు. చెవులను తీసుకున్నది ఆ చప్పుడే, అయినా ఆయన నలుగురితో సమానంగా బతికింది కూడా ఆ చప్పుడులోనే. అక్కడ ఆయన ఎవరినీ రెండోసారి అడగాల్సి వచ్చేది కాదు, ఎవరూ గొంతు పెంచేవాళ్లు కాదు, ఎవరూ విసుక్కునేవాళ్లు కాదు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోతే ఒక మూలన కూర్చునే మనిషి కార్ఖానాలోకి అడుగుపెడితే చలాకీగా మారిపోయేవాడు. పోగు తెగితే చప్పుడు వినడం కాదు, సాంచా మీద చెయ్యి పెట్టి పట్టేవాడు. ఒళ్లు సహకరించినన్నాళ్లూ పనిచేశాడు. ఆయన పోయి కొన్నేళ్లయింది.

ఆ రోజు వద్దన్నందుకు ఆయన నన్ను ఎప్పుడైనా నిందించాడా అని మా బిడ్డ పెద్దదయ్యాక అడిగింది. నోటితో ఎన్నడూ అనలేదు. దుబాయ్ పోయినవాళ్లు ఇళ్లు కట్టుకున్నప్పుడు, ఆ ఇళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు మాత్రం కొంచెం తొందరగా నడిచేవాడు. పోయినవాళ్లలో కొందరు ఇళ్లు కట్టారు, కొందరు పెట్టెల్లో తిరిగి వచ్చారు. ఆయన ఎవరి వరసలో ఉండేవాడో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియనిదాని గురించి బాధపడడం కూడా మనిషికి ఒక వయసు దాటాక తగ్గిపోతుంది.

ఆయనతో ఉన్నన్నాళ్లూ మేం చీకట్లో మాట్లాడుకోలేదు. కరెంటు పోతే మా మాటలు ఆగేవి. ఎంత ముఖ్యమైన సంగతైనా దీపం వెలిగించుకుని, దాన్ని నా ముఖానికి దగ్గరగా పెట్టుకుని చెప్పేదాన్ని. కొట్లాట కూడా వెలుతురులోనే, ఎదురెదురుగా, ఒకరి ముఖం ఒకరు విడవకుండా కొట్లాడుకున్నాం. అట్లా ఇన్నేళ్లు బతికాక నాకు ఇంకో తీరున మాట్లాడడం రాకుండా పోయింది. ఇప్పుడు అందరి చెవులూ మంచిగానే ఉన్నాయి. వంటింట్లోంచి ఒకరు, మేడ మీంచి ఒకరు, స్నానాల గదిలోంచి ఒకరు మాట్లాడతారు, దేశం కాని దేశం నుంచి ఫోన్లో మాట్లాడతారు, ఎవరి ముఖం ఎవరికీ కనపడాల్సిన అవసరం లేదు, అయినా పనులన్నీ జరిగిపోతూనే ఉన్నాయి. మా బిడ్డ ఫోను చూసుకుంటూనే, "చెప్పమ్మా, ఇంటున్న" అంటుంది. నిజంగానే వింటుంది, అందులో దాని తప్పేమీ లేదు. నేనే ఆగుతాను. అది తల ఎత్తేదాకా నాకు నోరు పెగలదు. ఒక్కోసారి అది తల ఎత్తి, ఏందమ్మా అంటుంది. అప్పటికి నేను చెప్పాలనుకున్నది ఏమిటో మరిచిపోయి ఉంటాను, ఏం లేదు బిడ్డా అంటాను, దాని ముఖం మాత్రం కాసేపు చూస్తాను.